చుక్కదీవిలో నిరీక్షణ మందిరం

మా దేశం చాలా పెద్దది. ప్రపంచం వాడే మేకుల్లో సగం మేమే తయారుచేస్తాం. మిగతా సగం తయారుచేసే యంత్రాలూ మావే. తెల్లవారగానే మా ఫ్యాక్టరీలన్నీ కలిసి కూత పెడితే సరిహద్దు అవతలి దేశంలో కూడా జనం లేచి పళ్ళు తోముకుంటారు. ఇంత ఇనుము, ఇంత సిమెంటు, ఇంత పొగ ఉన్న దేశంలో పుట్టినందుకు చిన్నప్పటినుంచీ నేను గర్వపడుతూనే ఉన్నాను. అందుకే ప్రపంచ జీవన తులన పట్టిక వెలువడిన రోజున అందరితోపాటు నేనూ అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఆ పట్టిక ఎవరు వేస్తారో, వాళ్ళను వేయమన్నది ఎవరో నాకు తెలియదు. ఏటా వేస్తారు, ఏటా మేము నమ్ముతాం. ఈసారి అందులో 'నిరీక్షణ' అని కొత్త అంశం చేర్చారు. బస్సు కోసం, డాక్టరు కోసం, సంతకం కోసం, సంతకం పెట్టేవారు భోజనం ముగించి రావడం కోసం ఒక మనిషి తన జీవితంలో ఎంత భాగం ఎదురుచూస్తూ గడుపుతాడన్నది లెక్క. మా దేశం అట్టడుగున ఉంది. అన్నిటికన్నా పైన చుక్కదీవి అనే పేరుంది. ఆ పేరుకెదురుగా అంకె లేదు, చిన్న అడ్డగీత మాత్రం ఉంది.

"ఈ చుక్కదీవి ఎక్కడ ఏడ్చింది?" అని మంత్రిగారు అడిగారు. గోడమీది పటంలో వెతికాం. ఈగ వాలిన మచ్చ అనుకుని మేము ఎప్పుడూ తడిగుడ్డతో తుడిపించే చోట అది ఉంది.

నేను పనిచేసేది తులనాత్మక జీవన విభాగంలో. పేరు సుందరేశం, హోదా సహాయ తులనాధికారి. మా సంచాలకులు వేమకోటి విశ్వపతిగారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుందని వాళ్ళావిడే ఒకసారి చెప్పారు. మంత్రిగారి ముందు ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అడ్డగీత అనునది విజయము కాదు, సమాచార లోపము. సదరు దీవియందు నిరీక్షణను ఎవ్వరూ శాస్త్రీయముగా కొలవనందున మాత్రమే అది అగ్రస్థానమును అక్రమముగా అనుభవించుచున్నది. అడ్డగీత స్థానే అంకెను ప్రతిష్ఠించు చారిత్రక బాధ్యత మన భుజస్కంధములపై కలదు."

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నమే కమిటీ ఏర్పడింది. విశ్వపతిగారు అధ్యక్షులు. గణాంకాలకు డాక్టర్ హేమవర్ధని. ఆవిడ మెడలో మంగళసూత్రాల పక్కనే స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. పెట్టెలు మోయడానికీ, అవసరమైనప్పుడు అవునని చెప్పడానికీ నేను.

రైలు ఆలస్యమైంది. తర్వాతి రైలు ఆ రైలు కోసం ఆగి ఆలస్యమైంది. దారిపొడుగునా హేమవర్ధనిగారు స్టాప్‌వాచ్ నొక్కుతూనే ఉన్నారు. మా దేశం విషయంలో సమాచారానికి కొరత లేదని విశ్వపతిగారు సంతృప్తిగా తల ఊపారు.

దేశం అంచున ఉన్న రేవుకు చేరేసరికి ఒక ఇంజన్ పడవ ఒడ్డున ఆగి ఉంది. చుక్కదీవికీ లోకానికీ మధ్య తిరిగే పడవ అదొక్కటే. దాన్ని నడిపే సూరాడ ఎల్లాజీ పైకప్పు మీద వెల్లకిలా పడుకుని చుట్ట కాలుస్తున్నాడు. ఎప్పుడో మా తీరం నుంచి వేటకు వెళ్ళి గాలికి కొట్టుకుపోయిన జాలర్ల సంతతి కావడాన దీవివాళ్ళ మాట మాకు బాగానే అర్థమవుతుంది. అర్థమైనందువల్ల మాకేమీ ఉపయోగం కలగలేదు.

"ఈ నౌక బయలుదేరు సమయమెంత?" అన్నారు విశ్వపతిగారు.

"మీరెక్కితే ఎల్తాది బావూ." బాబూ అనడానికి వాళ్ళ మాట అది.

"మేము రాకపోయి ఉంటే?"

"రానోల్లకి పడవెందుకు బావూ?" అన్నాడు ఎల్లాజీ నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

మేం ఎక్కాం. ఎల్లాజీ వెంటనే ఇంజను వేయలేదు. వెనకభాగంలో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గట్టువైపు కేకేశాడు. "ఇంకెవలున్నారూ?" గట్టు మీద చేపలు ఆరబెడుతున్న ఒక ముసలమ్మ అటూ ఇటూ చూసి, "ఎవలూ నేరు, పోయిరా!" అని అరిచింది. అప్పుడు కదిలింది పడవ. గట్టు మీదివాళ్ళు ఎవరూ లేరని చెప్పేదాకా పడవ కదలకూడదట. ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే "ఉన్నారు, ఆగు" అంటారట. వాళ్ళు వచ్చేదాకా ఆగుతుంది. తాతల కాలం నుంచీ అదే పద్ధతి. ఆ ఒక్కచోట మాత్రం ఎవరూ వేళాకోళానికైనా అబద్ధం చెప్పరని ఎల్లాజీ అన్నాడు.

హేమవర్ధనిగారు స్టాప్‌వాచ్ వైపు చూసి ముఖం చిట్లించారు. ఎవరు ఎంతసేపు ఎదురుచూశారో ఆవిడకు తేలలేదు.

చుక్కదీవిలో దిగిన మొదటివారం మా పరిస్థితి దయనీయంగా గడిచింది. మా దేశంలో ఏ మూల నిలబడినా ఎవరో ఒకరు దేనికోసమో ఒకదానికోసం ఎదురుచూస్తూ కనిపిస్తారు. ఇక్కడ అలాంటి మనిషి ఒక్కడూ దొరకలేదు. వేటకు పోయినవాడు వచ్చినప్పుడు వస్తాడు. అన్నం ఉడికినప్పుడు తింటారు. దీవి మొత్తానికి గడియారం ఒకటే ఉంది. ఏ ఓడలోంచో పడి కొట్టుకొచ్చిన ఆ గోడ గడియారాన్ని దాలమ్మ అనే ఆమె ఊరగాయ జాడీ మీద బరువుగా పెట్టుకుంది. మేము బస చేసింది ఆమె ఇంటి వసారాలోనే. మనిషి దిట్టంగా ఉండేది, గొంతు ఇంకా దిట్టంగా ఉండేది. ఆమె కూతురు ఎర్నమ్మను రేవు ఊళ్ళో ఇచ్చారు. తొలిచూలు, నెలలు నిండబోతున్నాయి. మంత్రసాని ఉన్నది అక్కడే కాబట్టి కాన్పు కూడా అక్కడే. దాలమ్మ కూతురికి కాన్పయ్యాక పెట్టడానికి రోజూ కాయం మందు దంచుతూ ఉండేది. శొంఠి పిప్పళ్ళ ఘాటుకు మేము కమిటీ సమావేశాల్లో తుమ్ముతూ ఉండేవాళ్ళం.

"మీరు ఏటి కొలవాలని వొచ్చినారు?" అని ఆమె ఒకరోజు నన్ను అడిగింది.

"మీరు ఎదురుచూడటం."

"ఎవల కోసం?"

"ఎవరికోసమైనా సరే. పడవకోసం చూడరా?"

"ఓలమ్మ! పడవే మాకోసం సూత్తాది కదేటి!"

ఈ సంగతి కమిటీ ముందు పెట్టాను. సమస్య తేటతెల్లమైంది. దీవిలో నిరీక్షణ ఉంది, కానీ అది చేస్తున్నది పడవ. పడవ పౌరుడు కాదు కాబట్టి లెక్కలోకి రాదు. హేమవర్ధనిగారు దిగులుగా కూర్చున్నారు. విశ్వపతిగారు మాత్రం వసారాలో పచార్లు చేసి హఠాత్తుగా ఆగారు.

"సమాన ప్రాతిపదిక లేనిదే తులన లేదు. లేనిదానిని కొలవజాలము. కొలవవలెనన్న ఉండవలెను. ఉండవలెనన్న కల్పించవలెను. సుందరేశంగారూ, ఇందులో దోషమున్నదా?"

"లేదండి," అన్నాను. నిజంగానే నాకేమీ కనిపించలేదు.

మా దేశం ఒకసారి పూనుకుంటే పని ఆగదు. పెద్ద ఓడలో సిమెంటు వచ్చింది, ఇనుము వచ్చింది, మేకులైతే దీవి బరువుకు మించి వచ్చాయి. చూస్తుండగానే రేవుగట్టు మీద 'ప్రయాణికుల నిరీక్షణ మందిరం' లేచింది. అందులో బెంచీలు మా రైల్వే స్టేషన్లలో వేసేవే. ఎవరూ నడుం వాల్చకుండా మధ్యమధ్య ఇనుప కమ్ములు ఉంటాయి. ఎదురుగోడకు పెద్ద గడియారం బిగించారు. దాని కింద కాలపట్టిక: పడవ సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి, సరిగ్గా ఉదయం ఏడింటికి.

దీవివాళ్ళు ఇదంతా చూసి మురిసిపోయారు. అతిథులు సరదాపడి కట్టుకుంటున్నారు, వద్దనడమెందుకని వాళ్ళ ఉద్దేశం. ఎల్లాజీకి విశ్వపతిగారు స్వయంగా టోపీ పెట్టి, చేతికి గడియారం కట్టి, 'జలరవాణా నిర్వాహకులు' అని పిలిచారు.

"ప్రస్థాన సమయమున గట్టుపైనున్నవారి అభిప్రాయము సేకరించు పద్ధతి నేటినుండి రద్దు. ముల్లు ఏడుపైకి రాగానే కదలవలెను. ఎవ్వరినీ అడగరాదు."

"మరి ఎవలైనా గట్టు మీద ఉండిపోతే?"

"ఉండిపోవలెననియే కదా ఈ ప్రయత్నమంతయు!"

ఎల్లాజీ టోపీ తీసి లోపల ఏముందో చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. కాదనడానికి లేదు. పడవకు డీజిల్ దొరికేది మా దేశపు రేవులోనే. కాలపట్టిక ప్రకారం నడిచే పడవకే డీజిల్ పోయాలని అప్పటికే ఆజ్ఞలు వెళ్ళాయి. పైగా అవి ఎదురుగాలి రోజులు. తెరచాప ఎత్తినా ఆ పడవే కాదు, దీవిలోని వేటపడవలూ అటు పోవు.

మొదటి గురువారం వచ్చింది. ఆ తెల్లవారుజామునే రేవు ఊరినుంచి వచ్చిన ఒక వేటపడవ వాళ్ళు ఎర్నమ్మకు నొప్పుల సూచనలు కనిపిస్తున్నాయని చెప్పి వలలు వేయడానికి అటే సాగిపోయారు. దాలమ్మ ఉన్నపళంగా బయలుదేరింది. గట్టుదాకా వచ్చాక కాయం జాడీ మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. "ఇప్పుడే వొచ్చీత్తాను ఎల్లాజీ," అని వెనక్కి పరుగెత్తింది. ఆమెకు కంగారేమీ లేదు. పడవ ఆగకపోవడమనేది ఆమె పుట్టినప్పటినుంచీ చూడలేదు.

ముల్లు ఏడుపైకి వచ్చింది. ఎల్లాజీ ఇంటివైపు చూశాడు, గడియారం చూశాడు, విశ్వపతిగారిని చూశాడు. విశ్వపతిగారు పచ్చజెండా ఊపారు. పడవ కదిలింది.

దాలమ్మ జాడీ చంకన పెట్టుకుని వచ్చేసరికి మధ్యలో నీళ్ళున్నాయి. ఆమె మొదట నవ్వింది. ఎల్లాజీ ఆటపట్టిస్తున్నాడనుకుంది. తర్వాత మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, "ఓరి ఎల్లాజీ! నానున్నానురా!" అని పిలిచింది. పడవలో ఎల్లాజీ ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. పడవ చిన్నదైపోయేదాకా ఆమె ఆ నీళ్ళలోనే ఉండిపోయింది.

హేమవర్ధనిగారు స్టాప్‌వాచ్ నొక్కారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్, మొదలైంది," అన్నారు.

ఆ మధ్యాహ్నం నిరీక్షణ మందిరంలో సభ జరిగింది. దాలమ్మను ముందు బెంచీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, భుజాలమీద శాలువా కప్పారు. దీవి చరిత్రలో తొలి నిరీక్షకురాలిగా ఆమె పేరు శాశ్వతంగా నిలిచిపోతుందని విశ్వపతిగారు ప్రకటించారు. దండ వేసింది నేనే. ఆమె నన్ను చూసి, "బావూ, నన్ను ఒగ్గీసి ఎల్లిపోనాడేటి?" అని అడిగింది. కోపంగా అడగలేదు. జరిగినదేమిటో ఆమెకింకా పట్టుబడలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కానీ అలాంటప్పుడు చప్పట్లు కొట్టాలని నియమం ఉంది, కొట్టాను.

సాయంత్రం ఎల్లాజీ తిరిగొచ్చాడు. ఎర్నమ్మకు ఇంకా కాన్పు కాలేదని దూరం నుంచే చెప్పి, దాలమ్మ ముఖం చూడలేక ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. నేను విశ్వపతిగారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఒక్కసారికి ప్రత్యేకంగా పడవ పంపిద్దాం. తొలికాన్పు. తల్లి దగ్గర లేకపోతే ఆ పిల్ల బెంగపెట్టుకుంటుంది."

ఆయన నావైపు జాలిగా చూశారు. "భావోద్వేగము తులనకు ప్రథమ శత్రువు. మన దేశమున ఎందరు తల్లులు రైళ్ళకొరకు ఇట్లే కూర్చుని లేరు? వారికి పంపని ప్రత్యేక రైలు ఈమెకు పంపిన సమాన ప్రాతిపదిక ఏమి కావలెను?"

ఆయన మాటలకు అప్పటికప్పుడు సమాధానం తట్టినవాళ్ళు మా విభాగంలో ఎవరూ లేరు.

శుక్రవారం పొద్దున్నే దీవిలోని జనమంతా నిరీక్షణ మందిరానికి వచ్చేశారు. హేమవర్ధనిగారు పరమానందంతో పరుగెత్తారు. విచారిస్తే తేలిందేమిటంటే, వాళ్ళు పడవకోసం రాలేదు. దాలమ్మ ఒక్కతీ కూర్చుందని తోడు కూర్చోవడానికి వచ్చారు. వస్తూ వస్తూ వలలు తెచ్చుకుని బాగుచేసుకుంటున్నారు, రొయ్యలు ఒలుస్తున్నారు, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటున్నారు. దాలమ్మను నవ్వించడానికి ఎల్లాజీ మేనమామ విశ్వపతిగారిలా నడిచి చూపిస్తున్నాడు. బాగా చూపించాడు కూడా.

"ఇది నిరీక్షణ కాదు, పేరంటం," అన్నారు హేమవర్ధనిగారు ఏడుపుగొంతుతో. "సార్, వీళ్ళకి విసుగు లేదు. విసుగు లేనిది లెక్కకు రాదు."

వెంటనే కొత్త నిబంధన వచ్చింది. మందిరంలో వలలు, రొయ్యలు, పేలు, కబుర్లు, నవ్వు నిషిద్ధం. గడియారం వైపు చూడటం తప్ప మరే పనీ చేయరాదు. దాలమ్మను వదిలి వెళ్ళడం వాళ్ళకు ఇష్టం లేదు కాబట్టి ఒప్పుకుని చేతులు ముడుచుకు కూర్చున్నారు. శుక్రవారమంతా కూర్చున్నారు. శనివారం మధ్యాహ్నానికి ఒకడు కాలు ఊపడం మొదలుపెట్టాడు. పక్కవాడు ఊపొద్దన్నాడు. ఇనుప కమ్ముకు ఇవతలి భాగం ఎవరిదన్న విషయంలో ఇద్దరు వియ్యపురాళ్ళు మాట మాట అనుకున్నారు. ఆదివారం ఉదయం గాలి తగిలే బెంచీ కోసం తోపులాట జరిగి ఎల్లాజీ మావకు పన్ను కదిలింది.

విశ్వపతిగారు హేమవర్ధనిగారితో కరచాలనం చేశారు. "చూచితిరా! అచ్చముగా మన రాజధానిలో ఉన్నట్లే లేదూ?" నిజం చెప్పాలంటే నాకు కూడా ఒక్క క్షణం మా ఊరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం సాయంత్రానికి లెక్క తేలింది. జనాభా పిడికెడు, అందరూ మూడురోజులు గట్టిగా కూర్చున్నారు కాబట్టి చుక్కదీవి సగటు నిరీక్షణ మా దేశపు సగటును దాటేసింది. మా దేశం అట్టడుగునుంచి ఒక మెట్టు పైకెక్కింది. దాలమ్మ మాత్రం జాడీ ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూనే ఉంది. దీవిలో నిజంగా ఎదురుచూస్తున్నది ఆమె ఒక్కతే. అది కొలవడానికి మా దగ్గర యంత్రం లేదు.

సోమవారం మేమూ బయలుదేరాలి. వచ్చే శనివారమే రాజధానిలో మంత్రిగారు నివేదిక విడుదల చేస్తారు. ఆరింటికే దాలమ్మ వెళ్ళి పడవలో కూర్చుంది. ఇంకో నలుగురు ఎక్కారు. ఎల్లాజీ టోపీ పెట్టుకుని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. గట్టు మీద జనమంతా మమ్మల్ని సాగనంపడానికి వచ్చారు. అంత జనాన్ని ఒకచోట చూసేసరికి విశ్వపతిగారికి ప్రసంగం వచ్చేసింది.

"సోదర సోదరీమణులారా! ఒక మహా పారిశ్రామిక దేశమునకును, ఒక అల్పద్వీపమునకును గల అంతరము నేటితో సమసిపోయినది. మీకును మాకును భేదము లేదు. మీరును విసుగుచున్నారు, మేమును విసుగుచున్నాము..."

సగంలో ఉండగా ముల్లు ఏడుపైకి వచ్చింది. ఎల్లాజీ ఇంజను వేశాడు. చుక్కాని మీద చెయ్యి వేశాడు. నిబంధన ప్రకారం కదలాలి. అప్పుడు పడవలోంచి దాలమ్మ లేచింది.

"ఆగరా ఎల్లాజీ! బావులింకా గట్టు మీదున్నారు. సూడు, పెట్టెలతో ఉన్నారు."

ఆ మాట అన్నది ఆమేనని నాకు మొదట నమ్మకం కలగలేదు. ఆ పడవ ఒక్క నిమిషం ముందు కదిలితే అందరికన్నా సంతోషించవలసిన మనిషి ఆమె.

ఎల్లాజీ చేతి గడియారం చూశాడు. తర్వాత దాన్ని విప్పి టోపీలో వేసి పక్కన పెట్టాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఇంకెవలున్నారూ?"

విశ్వపతిగారి ప్రసంగం ఆగిపోయింది. నేను పెట్టెలు తీసుకుని రెండడుగులు వేశాను. "ఆగండి!" అన్నారాయన. ముఖం పాలిపోయి ఉంది. "ఎక్కరాదు."

"పడవ ఆగింది సార్."

"అదియే ప్రమాదము! ఇప్పుడు మనము ఎక్కినచో పడవ మనకొరకు వేచియున్నట్లు రుజువగును. మనుష్యులు పడవకొరకు వేచియుండుట అను మౌలిక సూత్రము కూలిపోవును. అడ్డగీత మరల వచ్చును! దేశము మరల అట్టడుగునకు!"

హేమవర్ధనిగారు తన సంచీ కింద పెట్టేశారు. ఆవిడ గణాంకవేత్త. గణాంకాల్లో ఆయన మాట నిజమే.

"నిర్వాహకులుగారూ! మీరు బయలుదేరవలెను!" అని కేకేశారు విశ్వపతిగారు.

"మీరెక్కండి బావూ!"

"మేము ఎక్కము! బయలుదేరుము!"

"మనుసులు గట్టు మీద నిలబడుంటే ఎలగెల్తాను?" అని ఎల్లాజీ మళ్ళీ జనం వైపు తిరిగి, "ఇంకెవలున్నారూ?" అని అరిచాడు.

లేరని ఎవరంటారు? పెట్టెలతో ముగ్గురం ఎదురుగానే ఉన్నాం. ఆ చోట అబద్ధం చెప్పరు. ఎల్లాజీ మావ పన్ను పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. సముద్రం వెనక్కి తీస్తోంది. పాటు ఇలాగే సాగితే దీవి ముందున్న ఇసుకమేట తేలుతుంది. అది తేలిందంటే మళ్ళీ పోటు వచ్చేదాకా పడవ బయటికి పోదు. ఎల్లాజీ గెడకర్రతో లోతు చూస్తున్నాడు. చూసినప్పుడల్లా గెడ తడి ఇంకాస్త తగ్గుతోంది. దాలమ్మ జాడీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పోనీయమని ఒక్కమాట అనలేదు. ఆమె చూపు మాత్రం నీళ్ళమీదే ఉంది.

విశ్వపతిగారు సూత్రం వివరిస్తున్నారు. నేను పెట్టెలు కింద పెట్టి, నీటి అంచుదాకా వెళ్ళాను. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అవునండి, లేదండి తప్ప ఇంకో మాట అనని గొంతు నాది. అది అంత గట్టిగా పలుకుతుందని నాకే తెలియదు.

"ఎవరూ లేరు! పోయిరా!"

ఎల్లాజీ నన్ను చూశాడు. నా వెనక నిలబడ్డ కమిటీని చూశాడు. "మరి నువ్వో బావూ?"

"నేనూ లేను! పో!"

దాలమ్మ నావైపు చెయ్యెత్తింది. దీవించిందో, తిట్టిందో అంతదూరం నుంచి తెలియలేదు. పడవ ఇసుకమేటను గీరుకుంటూ బయటపడింది.

మేము నిరీక్షణ మందిరంలో కూర్చున్నాం. మళ్ళీ పడవ గురువారమే. నేను అసత్య సమాచారం అందించినందుకు సంజాయిషీ కోరుతూ విశ్వపతిగారు అక్కడికక్కడే నోటిమాటగా ఉత్తర్వు జారీ చేశారు. తర్వాత చేయడానికి ఎవరికీ ఏ పనీ లేదు. ఎల్లాజీ మావ జాలిపడి చేపల పులుసూ అన్నమూ తెచ్చాడు. నిరీక్షణలో ఉండి భుజిస్తే లెక్క చెడుతుందని విశ్వపతిగారు తిప్పి పంపించారు. కాసేపటికి ఆయన కాలు ఊపడం మొదలుపెట్టారు. హేమవర్ధనిగారు ఊపొద్దన్నారు. ఆయన ఊపారు. ఆవిడ మొట్టమొదటిసారి స్టాప్‌వాచ్ నొక్కడం మానేసి, తీసి సంచీలో పడేశారు. ఆపైన నేరుగా ఎల్లాజీ మావ ఇంటికి వెళ్ళి అన్నం తిన్నారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

మర్నాడు మంగళవారం. ఎండ చల్లబడే వేళ దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. ఎల్లాజీ పడవే. టోపీ లేదు.

"ఇవాళ పడవ లేదు కదా!" అన్నాను నీళ్ళలోకి పరుగెత్తి.

"ఎవలూ నేరన్నావు బావూ. మరి నాను సూసినాను కదేటి ముగ్గుర్ని! రాతిరంతా నిద్దర పట్టనేదు. టైము తప్పినానని రేవులో డీజిలు పొయ్యనేదు. ఇయాల దాలమ్మ అల్లుడు ఆడి పడవలోని డీజిలు తోడిచ్చినాడు."

"ఎర్నమ్మకో?"

"ఆడగుంట. ఆదివారమే పుట్టీసినాది. తల్లి కోసం తెగ ఏడిసిందంట ఎర్నమ్మ." పడవ తాడు గట్టుకు విసిరాడు. "అదొక్కటీ నాను మర్సిపోను బావూ. దాలమ్మ ఒల్లో ఏత్తే మాత్రం గుంట ఊరుకుండిపోనాది. నీకు సెప్పమన్నాది."

పెట్టెలు తీసుకుని ఎక్కాను. హేమవర్ధనిగారు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని నీళ్ళలో నడిచివచ్చి ఎక్కారు.

విశ్వపతిగారు బెంచీ మీదనుంచి లేవలేదు. "ఈ పడవ కాలపట్టికలో లేదు. కావున ఇది ఇక్కడ లేదు," అన్నారు గోడవైపు చూస్తూ.

ఎల్లాజీ వాదించలేదు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంకెవలున్నారూ?" అని అడిగి, చుట్ట వెలిగించుకుని పైకప్పు మీద వెల్లకిలా పడుకున్నాడు. మందిరంలో ఆయన పడవకోసం ఎదురుచూస్తున్నారు. ఎదురుగా పడవ ఆయనకోసం ఎదురుచూస్తోంది. మధ్యలో ఒక పీత అటూ ఇటూ తిరుగుతోంది. ఎల్లాజీ మావ కట్టిచ్చిన పులుసు గిన్నె మూత హేమవర్ధనిగారు పడవలో తీశారు. గాలి అటువైపే వీస్తోంది.

"ఇంకెవలున్నారూ?" అన్నాడు ఎల్లాజీ మరోసారి, పడుకునే.

చాలాసేపటికి విశ్వపతిగారు బెంచీ మీదనుంచి లేచారు. కోటు గుండీలు పెట్టుకున్నారు. ఖాళీ మందిరాన్ని ఒకసారి కలయజూసి, మెట్లు దిగి నీటి అంచుదాకా వచ్చి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. అది మునుపటంత గట్టిగా లేదు.

"గట్టుమీద ఒక మనిషి ఉన్నట్లు... ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఎల్లాజీ లేచి, చుట్ట ఆర్పి, చెయ్యి అందించాడు.

"అదే కదేటి బావూ ఇందాకట్నించీ అడుగుతున్నాను. ఎక్కండి."